షజ్రాలో లేని పేర్లు

మన హైదరాబాదు కనిపించే తొలి ఇంగ్లీషు నవలల్లో ఒకటి 1839లో లండన్‌లో అచ్చయింది. పేరు 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్'. రాసినవాడు ఫిలిప్ మెడోస్ టేలర్, నిజాం కొలువులో పనిచేసిన తెల్ల సిపాయి. అందులో చార్మినార్ ఉంది, హుస్సేన్‌సాగర్ ఉంది, బాటసారుల సరాయిలున్నాయి. కథ చెప్పేవాడు ముస్లిం. అతని పేరు అమీర్ అలీ. విక్టోరియా రాణి కూడా ఆత్రంగా చదివిందని చెప్పుకునే ఆ నవలని మన తెలుగు విమర్శకులెవరూ మనదిగా లెక్కపెట్టరు. ఇంగ్లీషు చదివిన వాళ్లు దాన్ని థగ్గుల కథగా, ఒక వింతగా చూసి పక్కన పెట్టేశారు. నేను మాత్రం దాన్ని పుట్టుక దాచిన కుటుంబం కథగా చదువుతాను. అలా చదివితేనే అది మన మెడకు చుట్టుకుంటుంది.

కథ క్లుప్తంగా ఇది. ఓ పసివాడు తల్లిదండ్రులతో కలిసి ప్రయాణంలో ఉంటాడు. తోవలో స్నేహంగా కలిసిన మనుషులు ఆ తల్లినీ తండ్రినీ గొంతు బిగించి చంపేస్తారు. ముఠాలో గణేశా అనేవాడు పిల్లవాణ్ణి కూడా చంపుదామంటాడు. ఇస్మాయిల్ అనేవాడు అడ్డుపడి, వాణ్ణి తనతో తీసుకుపోయి, కొడుకులా పెంచుతాడు. పిల్లవాడు గతం మర్చిపోతాడు. పెరిగి పెద్దవాడై, తండ్రి అనుకున్న మనిషి దగ్గరే రుమాలు పట్టడం నేర్చుకుంటాడు. అతను పాలుపంచుకున్న హత్యలు 719 అని నవల లెక్క. ఇస్మాయిల్‌ను ఒక రాజు ఏనుగు కాళ్ల కింద వేయించి చంపిస్తాడు. అమీర్ అలీ తన కన్నకొడుకు కాదన్న మాట ఆ చావు దగ్గరే బైటపడుతుంది. అమీర్‌కి చావు తప్పుతుంది గానీ నుదుటి మీద కాల్చిన ముద్ర పడుతుంది. దాన్ని తలపాగా కింద దాచుకుని మళ్లీ తోవ పడతాడు. భార్య అజీమాకు తన మొగుడు ఎవరో తెలిసిన రోజున ఆమె గుండె పగిలి చచ్చిపోతుంది. చివరికి అమీర్‌కి తను పుట్టిన ఊరు దొరుకుతుంది. తనకో ఆడతోబుట్టువు ఉందని అక్కడే తెలుస్తుంది. ఆమెను అప్పటికే తన చేతులతోనే చంపేశానని, ఒక చిన్న ఆనవాలు పట్టుకుని గుర్తుపడతాడు.

టేలర్ మీద చేయాల్సిన విమర్శ చాలామంది చేశారు. థగ్గులనే మాటకింద కంపెనీ ప్రభుత్వం ఎంత కల్పించింది, ఎంత పోగేసింది అన్న చర్చ చరిత్రకారుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. భవానీని కొలిచే ఒక రహస్య మతం దేశమంతా అల్లుకుపోయిందని స్లీమాన్ చెప్పిన కథను ఇవాళ ఉన్నదున్నట్టు నమ్మేవాళ్లు తక్కువ. దారిదోపిళ్లు నిజం. తోవల్లో చచ్చిపోయిన మనుషులూ నిజమే. వాటన్నిటినీ కలిపి ఒక పుట్టుజాతిగా కట్టింది మాత్రం కచేరీలో కూచున్న కలం. ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే.

అసలు టేలర్‌కి ఈ దాచిన పుట్టుక ఎందుకు కావలసి వచ్చింది? అమీర్ అలీ థగ్గు కడుపునే పుట్టాడని రాస్తే ఏం పోయేది? ఆనాటి చట్టానికి అదే నచ్చేది. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు చేయనక్కర్లేదు. ఎప్పుడైనా, ఎక్కడైనా థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, జీవితఖైదు. మనిషి చేసిన పనికి కాకుండా మనిషి ఎవరి తాలూకో చూసి శిక్ష వేయడం అక్కడ మొదలైంది. అదే ఆలోచన ముదిరి 1871లో నేరస్థ జాతుల చట్టమైంది. 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. ఎరుకల తల్లి కన్న బిడ్డ కళ్లు తెరవకముందే పోలీసు రిజిస్టరు తెరుచుకుని ఉండేది. 1952లో చట్టం రద్దయింది. స్టూవర్టుపురం అనే మాట వినగానే తెలుగువాడి మొహంలో వచ్చే నవ్వు ఇప్పటికీ రద్దు కాలేదు.

అలాంటి కాలంలో అలాంటి కొలువులో ఉండి టేలర్ రాసిందేమిటి? నేరం నెత్తుటిలో లేదని రాశాడు. అమీర్ అలీ నెత్తురు ఒకటి, పెంపకం ఇంకొకటి. మర్యాదస్తుల ఇంట పుట్టినవాడు, ప్రేమగా పెంచిన దొంగ చేతిలో దొంగయ్యాడు. పోలీసు పని కూడా చేసిన టేలర్ తెలిసి రాసినా తెలియక రాసినా, తన ప్రభుత్వం చట్టానికి తన నవలలోనే ఎదురుసాక్ష్యం పెట్టాడు. నేను ఈ నవలకి ఇచ్చే గౌరవం ఇదొక్కటే. అయితే వెంటనే వెనక్కి తగ్గుతాడు. పోయిన నెత్తురు తిరిగి వచ్చి అడుగుతుంది. తోబుట్టువు శవమై వచ్చి నువ్వెవరివో చెబుతుంది. పెంచినవాడి ప్రేమ అబద్ధమూ, కన్నవాళ్ల నెత్తురు నిజమూ అయిపోతాయి. ఇస్మాయిల్ ఆ పసివాణ్ణి కాపాడిన క్షణం నవల మొత్తంలో నాకు మిగిలిపోయిన క్షణం. హంతకుడే, కాదనను. కానీ ఆ పూట వాడు పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. రచయిత ఆ ఎత్తుకోవడాన్ని నమ్మలేకపోయాడు.

ఇంకో సంగతి. నవలంతా మాట్లాడేది అమీర్ అలీయే. వినేవాడు సాహెబు. సాహెబు అప్పుడప్పుడూ ఒక మాటంటాడు, అంతే. పైకి చూస్తే ఎంత బాగుంది! ఇంగ్లీషు నవలలో ఒక ముస్లింకి వందల పేజీలు మాట్లాడే హక్కు దొరికింది. కానీ అతను మాట్లాడుతున్నది జైల్లో. తోటివాళ్లను పట్టించి అప్రూవరుగా మారాడు కాబట్టి బతికున్నాడు, బతికున్నాడు కాబట్టి మాట్లాడుతున్నాడు. అతని ఆత్మకథ పేరే ఒప్పుకోలు. తెలుగులో రాస్తున్న ముస్లింలకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. మమ్మల్ని మాట్లాడమంటారు. వేదిక ఇస్తారు, మైకు ఇస్తారు. ముందు పాకిస్తాను గురించి చెప్పు, తర్వాత బురఖా గురించి చెప్పు, తలాక్ గురించి చెప్పు, అవి అయ్యాక నీ కవిత చదువు అంటారు. మేం ఏం రాసినా వాంగ్మూలంలా చదివే పాఠకులున్నారు. వాళ్లలో మంచివాళ్లు కూడా ఉన్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టినప్పుడు తెలుగు కవిత్వానికి ఒక తేడా తెలిసొచ్చింది. పుట్టుమచ్చ వేరు, కాల్చి వేసిన ముద్ర వేరు. రెండోదాన్ని మొదటిదని నమ్మించడమే రాజ్యం పని. ఆనాడు జీవితఖైదు పడ్డ థగ్గుల నుదుటి మీద పచ్చబొట్టు పొడిచేవాళ్లు. 1849లో ఆ ఆచారం ఎత్తేశారు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు ఎత్తుకెళ్లిన మన కుర్రాళ్లు నిర్దోషులుగా బైటికొచ్చారు. వాళ్ల నుదుటి మీద ఏ పచ్చబొట్టూ లేదు. ఉద్యోగం అడగడానికి వెళ్లిన చోటల్లా అది కనిపించింది.

ఇప్పుడు నవల పక్కన పెట్టి నవల రాసినవాడి ఇంటికి పోదాం. టేలర్ పెళ్లాడింది హైదరాబాదు పామర్ ఇంటి పిల్లని, మేరీని. ఆ ఇంటి పెద్ద విలియం పామర్. 1814లో హైదరాబాదులో విలియం పామర్ కంపెనీ పెట్టి, దివాన్ చందూలాల్ కాలంలో నిజాం సర్కారుకే అప్పులిచ్చిన షావుకారు. విలియం తండ్రి జనరల్ పామర్, ఇంగ్లీషువాడు. తల్లి బేగం ఫైజ్ బక్ష్, ముస్లిం. ఆ తల్లి తన పిల్లలతో, భర్తతో కూచున్న తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది, 1780ల నాటిది. చిత్రంలో ఆమె నేల మీద ఒడిలో బిడ్డతో కూచుంది. దాచుకోవాలన్న భయం ఆ బొమ్మలో ఎవరి మొహంలోనూ లేదు.

అది గీసిన కొద్ది ఏళ్లకే, 1791లో, హిందూస్తానీ తల్లికి పుట్టిన కొడుకులెవరికీ కంపెనీ దొరతనపు ఉద్యోగాలు, సైన్యంలో హోదాలు ఇవ్వరాదని లండన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. 1795లో ఇంకా బిగించారు. సైన్యంలో బాకా ఊదడానికి, డప్పు కొట్టడానికి, గుర్రాలకు నాడాలు వేయడానికి మాత్రం పనికొస్తారన్నారు. అప్పటిదాకా ఇంట్లో అమ్మ ఎవరన్నది ఇంటి సంగతి. ఆ ఉత్తర్వుతో అమ్మ అనర్హత అయింది. ఒక కాగితం మీద సంతకం పడితే తల్లి రహస్యమైపోతుందన్నమాట! విలియం పామర్ ఉద్యోగంలో కాక వ్యాపారంలో ఎందుకు ఎదిగాడో ఈ తేదీలు చూస్తే అర్థమవుతుంది. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఆ వ్యాపారం మీద పడ్డాడు. 1824కల్లా కంపెనీ దివాలా తీసింది. ఆ కంపెనీ వడ్డీలు ధర్మంగా ఉండేవని నేననను. నిజాం ఖజానాను పీల్చిన చేతుల్లో అవీ ఉన్నాయి.

ఆ ఇంటి అల్లుడు టేలర్. తన భార్య నెత్తురులో తన నవలలోని అమీర్ అలీ మతం ఉందని అతనికి తెలుసు. 1872లో అతను 'సీత' అనే నవల రాశాడు. 1857 తిరుగుబాటు రోజుల్లో ఒక ఇంగ్లీషు దొర హిందూ వితంతువుని పెళ్లి చేసుకుంటాడు. ఆమెను ఎంతో గౌరవంగా చిత్రించాడు. ఆ కాలపు ఇంగ్లీషువాడు అలాంటి పెళ్లిని పెళ్లిగా రాయడమే పెద్ద తెగువ, ఒప్పుకుందాం. అయినా చివరికి సీత చచ్చిపోతుంది, దొర ఒక ఇంగ్లీషు పిల్లని చేసుకుంటాడు. సొంత జీవితంలో కలిసిన నెత్తురును నవలలో కలవనీయలేదు. ఆయన కూతురు ఆలిస్ ఆ కలయికలోంచి పుట్టిన మనిషే. 1877లో, టేలర్ పోయిన మరుసటి ఏడు, ఆయన ఆత్మకథని సరిచూసి అచ్చు వేయించింది ఆమే.

దీన్ని ఇంగ్లీషువాడి పిరికితనమని నవ్వుకునేముందు మన తెలుగు నవల వైపు ఒకసారి చూడాలి. 1927 నాటి చలం 'మైదానం'లోనూ ముస్లిం పేరు అమీరే. యాదృచ్ఛికమే కావచ్చు. రాజేశ్వరికి ఇల్లుంది, భర్త ఉన్నాడు, కులం ఉంది, విడిచిపెట్టడానికి ఒక గతం ఉంది. అమీర్‌కి గతం దాదాపు లేదు. శరీరం ఉంది, పౌరుషం ఉంది, కోపం ఉంది. వాడికొక అమ్మీ ఉండి ఉంటే కోడల్ని చూసి ఏమనేది? నిఖా మాట ఎత్తేదా? ఆ ప్రశ్న చలానికి అక్కర్లేకపోయింది. అన్నిటికన్నా నన్ను ఆపేది రాజేశ్వరి గర్భం. బిడ్డ వద్దని అమీరే అంటాడు, గర్భం పోతుంది. స్వేచ్ఛ గురించి అంత రాసిన చలానికి కూడా బ్రాహ్మణ తల్లికి, ముస్లిం తండ్రికి పుట్టిన బిడ్డను నేల మీద నడిపించడం కుదరలేదు. బిడ్డ పుడితే పేరు పెట్టాలి కదా. పేరు పెట్టగానే మైదానం అయిపోయి ఊరు మొదలవుతుంది. అమెరికాలో నెల్లా లార్సెన్ 1929లో 'పాసింగ్' అనే నవల రాసింది. తెల్లదానిలా చెలామణీ అవుతున్న నల్ల స్త్రీ కథ. ఆమెకు బిడ్డ పుట్టే ముందు పట్టుకున్న భయం ఒక్కటే, బిడ్డ ఏ రంగులో పుడుతుందోనని. అక్కడ రంగు చెప్పే రహస్యాన్ని ఇక్కడ పేరు చెబుతుంది.

సెక్యులర్ మిత్రులు ఇక్కడిదాకా తలూపుతారు. ఇక మా వైపు వస్తాను. ఇది రాస్తే మావాళ్లలో కొందరికి కోపం వస్తుంది. వస్తే రానీ.

మా దాదా ట్రంకుపెట్టెలో ఒక షజ్రా ఉండేది. షజ్రా అంటే చెట్టు, వంశవృక్షం. పొడుగాటి కాగితం, నల్ల సిరా, అరబ్బు పేర్లతో మొదలై దక్కను పేర్లతో ముగిసేది. పెళ్లి మాటలప్పుడు అది బైటికి వచ్చేది. అందులో ఒక్క ఆడదాని పేరు లేదు. మదీనా నుంచి మా ఊరిదాకా మగవాళ్లే మగవాళ్లని కన్నట్టు ఉంటుంది. ఆ మగవాళ్లు ఓడల్లో, గుర్రాల మీద వచ్చారే అనుకుందాం. ఆడవాళ్లని వెంట తెచ్చుకున్నారా? ఇక్కడి మాల, మాదిగ, చాకలి, సాలె ఇళ్లలోంచి, ఎక్కడో ఒకటి రెండు చోట్ల కమ్మ, రెడ్డి ఇళ్లలోంచి కూడా వచ్చిన ఆ తల్లుల పేర్లేవి? దాదీ ఎల్లమ్మ పేరెత్తి మొక్కుకునేది, ఎవరూ లేనప్పుడు. షజ్రాలో ఎల్లమ్మ ఎక్కడ ఇముడుతుంది? పామర్ మనవళ్లు లండన్‌లో దాచిన తల్లినే మేం మా ఇళ్లలో దాచాం. వాళ్లు తెల్లవాళ్లు కావడానికి దాచారు, మేం అష్రాఫ్ కావడానికి దాచాం. ఇస్లాంలో కులం లేదని మింబరు మీద నుంచి వినడం, కిందికి దిగాక సంబంధం అడిగితే ఖాందాన్ అడగడం, రెండూ మన మసీదు గోడల మధ్యే జరిగాయి.

దాచలేనివాళ్లు దూదేకులవాళ్లు. పీరయ్య, మస్తానమ్మ, దస్తగిరమ్మ, నాగూరు. ఆ పేరులోనే రెండు ఇళ్లూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అందుకని ఉర్దూ మాట్లాడేవాళ్లు వాళ్లని సగం ముస్లింలన్నారు. ఊరివాళ్లు సాయిబులన్నారు. తమ వంశం దాచుకోకుండా పేరుగా మోసిన మనుషులకి ఇద్దరూ కలిసి వేసిన శిక్ష అది. తెలుగు ముస్లిం సాహిత్యం అనే మాటకు మొట్టమొదటి హక్కుదారులు వాళ్లే. ఆ మాట మేం ఆలస్యంగా అన్నాం.

తమాషా ఏమిటంటే ఈ దాపరికాన్ని బద్దలుకొట్టింది కవులు కాదు, తాసిల్దారు ఆఫీసు. దూదేకుల, పింజారీలు ఎప్పటినుంచో బీసీ-బీలో ఉన్నారు, మెహతర్లు బీసీ-ఏలో. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా సామాజికంగా వెనకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం వచ్చింది. కోర్టుల్లో నలుగుతూ కూడా అమలైంది. సయ్యద్, మొగల్, పఠాన్‌లకు అందులో చోటు లేదు. షేక్‌లకు ఉంది. ఇక చూడండి! నిన్నటిదాకా షజ్రా చూపించి సయ్యదులం అన్న ఇళ్లలో పిల్ల ఇంజనీరింగు సీటు దగ్గర ఆలోచన మొదలైంది. తాతల కాలంలో పైకి ఎగబాకిన మెట్లు మనవరాలు దిగాలా వద్దా? నేను దీన్ని చూసి నవ్వడం లేదు. సీటు నిజం, ఆకలి నిజం. కానీ ఒక జనం తన పుట్టుకను ఒకసారి గౌరవం కోసం దాచి, మరోసారి బతుకు కోసం తీసి చూపించాల్సి రావడం కన్నా పెద్ద నవల ఏం కావాలి? దాన్ని ఎవరూ రాయలేదు. మన కథల్లో పేదరికం వచ్చింది, దర్గా వచ్చింది, అమ్మీ చేతి వంట వచ్చింది. షజ్రా రాలేదు.

ఇదంతా నేను మదీనాగూడలో ఉండి రాస్తున్నాను. ముంబయి హైవే మీద చందానగర్‌కి మియాపూర్‌కి నడుమ. చుట్టూ హఫీజ్‌పేట, మియాపూర్. పేర్లు చూస్తే ఇది ఎవరి ఇలాకా అనుకుంటారో చెప్పక్కర్లేదు. మదీనాగూడ అన్న మాట ఎవరు పెట్టారన్నది వదిలేయండి, చెవికి ఏం వినబడుతుందో చూడండి. మదీనా అంటే అరబ్బీలో నగరం. గూడ అంటే మన భాషలో గూడెం, నాలుగు గుడిసెల చోటు. నగరం ముందు, గూడెం వెనక. నిజానికి గూడెం మీద నగరం వచ్చి కూచున్నది 2000 తర్వాతే. గచ్చిబౌలి వైపు ఆఫీసులు లేచాక ఇక్కడ అపార్టుమెంట్లు లేచాయి. 2017 నవంబరులో మియాపూర్‌కి మెట్రో వచ్చింది. కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చిన పిల్లలు, అద్దెలు, హాస్టళ్లు.

ఈ మదీనా పేరుగల చోట అద్దె ఇల్లు వెతికితే ఫోన్లో మొదటి ప్రశ్న పేరు. నా తెలుగు వినగానే అవతలివాళ్లు కలుపుగోలుగా మాట్లాడతారు. ఊరడుగుతారు, ఉద్యోగం అడుగుతారు. పేరు చెప్పాక ఒక చిన్న నిశ్శబ్దం. తర్వాత ఇల్లు నిన్ననే అయిపోయిందంటారు, లేదా వెజిటేరియన్లకే ఇస్తామంటారు. ఒకాయన మాత్రం మొహమాటం లేకుండా అడిగాడు, 'మీరు ఇంత మంచి తెలుగు ఎలా మాట్లాడుతున్నారు?' అని. మాకు తెలిసిన ఒక కుర్రాడు ఆఫీసులో సమీర్, హాస్టల్లో శ్యామ్. వాడు రెండు పేర్లతో అలసిపోయాడా అని అడిగాను. అలవాటైపోయిందన్నాడు. ఆ అలవాటయిపోవడం దగ్గర లార్సెన్ నవల మొదలవుతుంది. అమీర్ అలీ తలపాగా కూడా అక్కడే చుట్టుకుంటుంది. దాచేవాణ్ణి తప్పుపట్టేవాళ్లు దాచాల్సిన అవసరం కల్పించినవాణ్ణి ఎందుకు వదిలేస్తారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

మీరు బైటనుంచి వచ్చారు, వెళ్లిపోండి అనేవాళ్లకి మనలో చాలామంది ఇచ్చే జవాబు ఒకటుంది. మేం బైటివాళ్లం కాదు, ఇక్కడి దళితులం, మతం మారినవాళ్లం అని. అది నిజమే, చాలా వరకు నిజం. 1998లో 'జల్‌జలా' కవిత్వ సంకలనం వచ్చిన రోజుల నుంచీ మనవాళ్లు గట్టిగా చెప్పిన మాట కూడా. నేను దానితోనే నిలబడతాను గానీ ఒక అనుమానంతో నిలబడతాను. నెత్తురు ఇక్కడిదైతేనే ఉండనిస్తావా? మరి ఎవరైనా నిజంగానే ఆరు తరాల కింద అరేబియా నుంచో, ఆఫ్రికా నుంచో వచ్చాడనుకో. హైదరాబాదు ఏసీ గార్డ్స్‌లో సిద్దీలున్నారు. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ అశ్వదళం పేరే ఆ బస్తీ పేరు. బార్కస్‌లో హద్రమీ అరబ్బుల మనవళ్లున్నారు. వాళ్ల సంగతేం చేస్తాం? మా నెత్తురు పరీక్ష చేసుకోండి అని చేయి చాపిన మరుక్షణం మనం 1791 ఉత్తర్వుని ఒప్పుకున్నట్టే. పుట్టుక చరిత్రగా కావాలి. షజ్రాలో లేని తల్లుల పేర్లు అందుకోసం కావాలి. హక్కుకు అది పత్రం కాకూడదు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ప్రగతిశీల మిత్రులు నా చేతిలో పెట్టే పుస్తకం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్'. 2002లో వచ్చింది. నవల కాదు, చరిత్రే. కానీ నవలలాగా చదువుతారు. హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా ప్రేమ, పెళ్లి, ఆయన ముస్లిం కావడం. ఫైజ్ బక్ష్ ఆమెకు దగ్గరి స్నేహితురాలు. టేలర్ అత్తింటికీ ఈ కథకీ సంబంధం అక్కడ కలుస్తుంది. చూశారా ఎంత కలిసిమెలిసి బతికారో అంటారు మిత్రులు. చూశాను. రెసిడెన్సీ మేడ కోఠీలో ఇప్పటికీ ఉంది. ఆడపిల్లల కాలేజీగా దశాబ్దాలు నడిచి, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ మార్పు నాకు ఆ ప్రేమకథ కన్నా ఎక్కువ నచ్చింది.

మిత్రులు ప్రేమ దగ్గర ఆగిపోతారు, నేను పిల్లల దగ్గర ఆగుతాను. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో, కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడేళ్లు ఉన్నప్పుడు ఇద్దర్నీ ఓడెక్కించి ఇంగ్లండు పంపించేశారు. అదే ఏడు అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి 1813లో హైదరాబాదులో చనిపోయింది, పిల్లల్ని మళ్లీ చూడకుండా. అక్కడ పిల్లల పేర్లు విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయ్యాయి. కూతుర్ని కిట్టీ అన్నారు. కార్లైల్ ఆమెను చూసి మనసు పడ్డాడని, తన 'సార్టర్ రెసార్టస్'లో ఒక పాత్రను ఆమె పోలికతోనే చేశాడని చెబుతారు. 1829లో ఒక కెప్టెన్‌ని పెళ్లాడి 1889 దాకా బతికింది. కలిసిమెలిసి బతకడం అనే మాటకు ఆ ఇద్దరు పిల్లలు కట్టిన వెల ఇది. ఒక వైపు పేరు పూర్తిగా రాలిపోయాకే రెండో వైపు ఇల్లు దొరికింది.

ఆ కథలో నేను ఎక్కువసార్లు తిరిగి చదివేది ఖైరున్నిసా తల్లి షరఫున్నిసా గురించి. భర్తలు, దొరలు, రెసిడెంట్లు అందరూ పోయాక, 1840లలో, ముసలితనంలో, హైదరాబాదులో కూచుని ఆమె మనవరాలికి ఉత్తరాలు పంపించింది. మనవరాలు అప్పటికి నలభై దాటిన ఇంగ్లీషు ఇల్లాలు, పిల్లల తల్లి. దాదాపు నలభయ్యేళ్లుగా మాటా పలుకూ లేదు. ముసలామె చెబుతుంటే ఫార్సీలో రాసేవాళ్లు. మనవరాలి జవాబు ఇంగ్లీషులో వచ్చేది. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఎవరో చదివి మార్చి చెప్పాల్సి వచ్చేది. 1847లో ముసలామె పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. మళ్లీ కలుసుకోలేదు.